వినరాని గొంతులకు పక్కవాద్యము

ఎవరి స్మృత్యర్థము ఈ యుపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ పెద్దలు జీవితమంతయు గాయకుల ప్రక్కన కూర్చుండి వయొలిను వాయించినవారు. గాయకుని పేరు పెద్దక్షరములతోను, తమ పేరు దాని క్రింద చిన్నక్షరములతోను అచ్చయిన కరపత్రములను జూచి యేనాడును నొచ్చుకొనని వారని తెలిసినవారు చెప్పగా విన్నాను. కావుననే, ఈ యేటి ప్రసంగమునకు విషయమును నన్నే నిర్ణయించుకొనుమన్నప్పుడు, పక్కవాద్యమునే చిరకాలవృత్తిగా చేసికొన్న మరియొక విద్వాంసుడు, అమెరికా దేశపు నల్లజాతి పియానో వాదకుడు హ్యాంక్ జోన్స్ నా మనస్సునకు వచ్చెను. ఆయన తన డెబ్బదియారవ యేట చార్లీ హేడెన్ అను బాస్ వాద్యకారునితో గూడి చేసిన ‘స్టీల్ అవే’ అను ఆల్బమును గూర్చి నేడు ముచ్చటింపదలచినాను.

ఈ ఆల్బము 1994 జూన్ నెలాఖరున మాంట్రియల్ నగరమున ధ్వనిముద్రితమై, మరుసటి యేడు వెర్వ్ సంస్థ పేర వెలువడినది. ఇందులో వాద్యములు రెండే: పియానో, బాస్. డ్రమ్ములు లేవు, సాక్సఫోను లేదు, పాడువారు లేరు. పాటలన్నచో అధికభాగము స్పిరిచ్యువల్స్, అనగా అమెరికాలోని నల్లజాతివారు దాస్యకాలమున పాడుకొన్న భక్తిగీతములు. వానితోబాటు చర్చిలలో పాడు కొన్ని స్తోత్రములు, ఒకటి రెండు జానపదగీతములు. జాజ్ వాదకుడు పేరుపొందిన పాట నెత్తుకొన్నప్పుడు దానిని నెపముగా జేసికొని తన కల్పనాశక్తిని ప్రదర్శించుట వాడుక. పాట పల్లవి వంటిది, మనోధర్మమే కచేరీ. జోన్స్ ఇక్కడ ఆ పని చేయలేదు. పాడువారు ఎదుట నున్నారనియే తలచి, వారి ఊపిరికి చోటు విడిచి, వారికి పక్కవాద్యము వాయించినట్లు వాయించినాడు. ఆ పాడువారు ఎవరో, వారి గొంతులు మనకేల వినబడవో తెలిసినగాని ఈ వాదనము యొక్క విలువ తెలియదు గనుక కొంత పూర్వకథ చెప్పవలసియున్నది.

ఆ పాటలు దక్షిణ రాష్ట్రముల ప్రత్తిచేలలోను వరిమళ్లలోను పుట్టినవి. బానిసలకు చదువు నేర్పుట అనేక రాష్ట్రములలో నేరము. 1739లో దక్షిణ కరొలైనాలోని స్టోనో నదీప్రాంతమున బానిసలు డప్పులు మ్రోగించుచు తిరుగబడగా, మరుసటి యేడు అక్కడి పాలకులు చేసిన శాసనము వారి డప్పులను గూడ నిషేధించెను. అక్షరమును వాద్యమును గోల్పోయిన జనమునకు మిగిలినవి కంఠమును, తాళము వేయుటకు చేతులును, నేలను తాటించుటకు పాదములును మాత్రమే. యజమానుల మతమునుండి చెవినిబడిన బైబిలు కథలలో వారు తమ కథను జూచుకొనిరి. ఫరో చెరలోనున్న ఇశ్రాయేలీయులను మోషే విడిపించిన వృత్తాంతము వారికి ప్రాచీన గాథగా గాక రేపో మాపో జరుగవలసిన వార్తగా వినిపించెను. ఒకరు చరణము నెత్తుకొనగా తక్కినవారు అందుకొనుట, అందుకొన్నవారు తలకొక తీరున స్వరమును సాగదీయుట, ఎవ్వరును ఒక్క స్వరస్థానముననే కచ్చితముగా నిలువకుండుట ఆ గానమునకు లక్షణము. బానిసత్వమును తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన స్వీయచరిత్రలో, ఈ పాటలు విని బానిసలు సుఖముగానే యున్నారని తలచువారిని జూచి విస్తుపోయినాననియు, మిక్కిలి దుఃఖములో నున్నప్పుడే వారు మిక్కిలిగా పాడుదురనియు వ్రాసినాడు. ఈ హెచ్చరికను మరువరాదు. దీనితో నాకు ముందు పని యున్నది.

అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట 1867లో ఆలెన్, వేర్, లూసీ మెకిమ్ గారిసన్ అను మువ్వురు ఈ పాటలను స్వరపరచి మొట్టమొదటి సంకలనమును అచ్చువేసిరి. వేసినవారే, కాగితముపై గీతలును చుక్కలును ఈ గానమును పట్టజాలవని పీఠికలో ఒప్పుకొనిరి. మన కీర్తనలకు స్వరలిపి వ్రాసినవారెవ్వరైనను ఆ కష్టమును ఎరుగుదురు.

తరువాత నాలుగేండ్లకు, 1871 అక్టోబరు 6వ తేదీన, నాష్‌విల్ నగరమునందలి ఫిస్క్ విద్యాలయపు విద్యార్థులు తొమ్మండుగురు, అప్పులలో మునిగిన తమ పాఠశాలకు ధనము కూర్చుటకై, కోశాధికారి జార్జి వైట్ వెంట ఊరూర కచేరీలు చేయుటకు బయలుదేరిరి. వారిలో అధికులు బానిసలుగా పుట్టినవారే. మొదట వారు పాడినవి యూరోపియను పద్ధతి గీతములు. తల్లిదండ్రులు చాటుమాటున పాడుకొన్న పాటలను పరుల ముందు పాడుట వారికి అపచారముగా తోచెను. నవంబరులో ఒబర్లిన్ పట్టణమున క్రైస్తవాచార్యుల మహాసభలో, మాటల సందడి నడుమ, వారు మెల్లగా ‘స్టీల్ అవే’ ఎత్తుకొనిరట, సందడి అణగెను. అప్పటినుండి ఆ పాటలే వారి కచేరీ యయ్యెను. 1873లో ఇంగ్లండున విక్టోరియా రాణి యెదుట పాడిరి. వారు తెచ్చిన ధనముతో కట్టిన జూబిలీ హాలు 1876లో పూర్తియై నేటికిని నిలిచియున్నది. ఆ బృందమున పియానో వాయించుచు శిక్షణభారమును గూడ వహించిన ఎల్లా షెపర్డ్ బానిసగా పుట్టి, తండ్రి వెలయిచ్చి విడిపించుకొన్న పిల్ల. స్పిరిచ్యువల్స్ చెంతకు పియానో వచ్చిన తొలినాళ్ల కథలో ఆమె పేరు ముందు చెప్పదగినది.

ఈ పాటలకు కర్తలెవ్వరని అడిగినచో సాధారణముగా జవాబు లేదు. ‘స్టీల్ అవే’, ‘స్వింగ్ లో, స్వీట్ చారియట్’ అను రెంటికి మాత్రము వాలెస్ విలిస్ అను పేరు చెప్పుదురు: చోక్తా తెగవారి వద్ద బానిసగానున్న వృద్ధుడు. అతడు పాడగా అలెగ్జాండర్ రీడ్ అను పాఠశాలాధ్యక్షుడు విని, జ్ఞాపకముంచుకొని, ఫిస్క్ గాయకులకు అందించెను. విలిస్ గొంతు ఎట్టిదో ఎవ్వరెరుగుదురు? ఎడిసన్ ఫోనోగ్రాఫు 1877లో గాని పుట్టలేదు. ఫిస్క్ పురుష చతుష్టయము విక్టర్ కంపెనీకి పాడినది 1909లో; ఆ రికార్డులు అమూల్యములే యైనను అవి శిక్షితమైన తరువాతి తరమువారివి. చేలలో పాడిన కంఠము ఏ లక్కపలకమీదను ఎక్కలేదు. వినరాని గొంతులని నేననుట ఇందుకే.

ఇక పియానో సంగతి. ఆ పాటలలోని గాంధారము సాధారణ గాంధారమునకును అంతర గాంధారమునకును నడుమ ఎచ్చటనో ఊగులాడుచుండును. దానినే జాజ్‌వారు బ్లూ నోట్ అందురు. నిషాదమునకును అట్టి చాపల్యమే కలదు. పియానోయందు ఆ రెండు గాంధారములకును రెండు మెట్లున్నవి గాని నడుమ నిలుచుటకు చోటు లేదు. పైగా అది సుత్తితో తీగను మోదు వాద్యము. నాదము పుట్టిన క్షణమునుండియే క్షీణించును, కంఠమువలె నడిమధ్య ఉబ్బుట దానికి శక్యముగాదు. ఇట్టి దోషమునకే గదా మన దేశమున హార్మోనియము నింద మోసినది! గమకము పలుకదని 1940లో రేడియోవారు దానిని వెలివేసి, మూడు దశాబ్దములవరకు లోపలికి రానీయలేదు. వయొలిను సైతము పాశ్చాత్యులదే యైనను, వ్రేలు జార్చుటకు వీలున్నదగుటచే మన సొత్తయ్యెను; ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పక్కవాద్యపు పీటనుండి లేచి ఏకవాద్యమై కూర్చుండెను. నల్లజాతి సంగీతకారులు పియానోను వెలివేయలేదు, దాని లోపముతో బేరమాడిరి. అంతర గాంధారపు తెల్లమెట్టును నొక్కుటకు లిప్తపాటు ముందుగా, ప్రక్కనున్న సాధారణ గాంధారపు నల్లమెట్టును తాకి, అదే వ్రేలిని దానిమీదనుండి క్రిందికి జార్చుదురు. చెవికి రెండు స్వరములు వినబడవు. గొంతు కొంచెము జీరపోయినట్లు వినబడును. జోన్స్ ఈ ఉపాయమును ఎంత పొదుపుగా వాడునో గమనింపదగినది. అవసరమున్న చోట ఒక్కసారి వాడి, మరల చాలసేపటివరకు దాని జోలికి పోడు.

హ్యాంక్ జోన్స్ 1918 జూలై 31వ తేదీన మిసిసిపి రాష్ట్రమందలి విక్స్‌బర్గ్‌లో పుట్టి, మిషిగన్ రాష్ట్రమందలి పాంటియాక్‌లో పెరిగినాడు. తండ్రి కలప నాణ్యము పరీక్షించు ఉద్యోగి, బాప్టిస్టు చర్చిలో డీకను. తమ్ములిద్దరును ప్రసిద్ధులే: థాడ్ వాద్యబృంద నాయకుడు, ఎల్విన్ సాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ వెనుక డ్రమ్ములు వాయించి యుగకర్త యనిపించుకొన్నవాడు. జ్యేష్ఠుడైన హ్యాంక్ మాత్రము 1944లో న్యూయార్కు చేరి, ఎవరు పిలిచిన వారి ప్రక్కన వాయించుచు, 1948 నుండి 1953 వరకు ఎల్లా ఫిట్జెరాల్డ్ గానమునకు పియానో పట్టి, 1959 నుండి పదునైదేండ్లకు పైబడి సి.బి.ఎస్. ప్రసారసంస్థలో నెలజీతముపై పనిచేసినాడు. అక్కడ ఏ పూట ఏ కాగితము ముందుంచిన దానిని వాయింపవలెను. 1962 మే నెలలో మెరిలిన్ మన్రో అధ్యక్షుడు కెనెడీకి జన్మదినగీతము పాడిన దృశ్యమును లోకమంతయు చూచినది. పియానో వాయించినది జోన్స్ అని లోకములో ఎందరికి తెలియును? ఇట్టి కొలువు ప్రతిభను మొద్దుబార్చునని కొందరు జాలిపడిరి. నా అభిప్రాయము వేరు. గాయని ఎక్కడ ఊపిరి తీసికొనునో ముందే ఎరుగుట, ఆమె తడబడిన చోట తానొక స్వరముతో దారి చూపుట, చూపినట్లు సభకు తెలియనీయకుండుట అను విద్య ఏకవాద్య కచేరీలలో అబ్బదు. ‘స్టీల్ అవే’యందు ఫలించినది ఆ విద్యయే.

హేడెన్ కథ ఇంకను విచిత్రము. 1937లో అయోవా రాష్ట్రపు షెనండోవాలో జన్మించిన ఈ తెల్లజాతి బాలుడు, రేడియోలో పల్లెపాటలు, స్తోత్రములు పాడు కుటుంబమున పుట్టి, రెండేండ్లైనను నిండకముందే మైకు ముందు నిలిచి పాడినాడు. పదునైదవ యేట పోలియో సోకి గొంతు చెడినది. పాటను విడిచి బాస్ పట్టెను. 1959లో సాక్సఫోను వాదకుడు ఆర్నెట్ కోల్మన్‌తో గూడి జాజ్ సంప్రదాయపు చట్రమును బ్రద్దలుచేసిన వారిలో అతడొకడు. 1971లో పోర్చుగల్ దేశమున కచేరీ చేయుచు, ఆఫ్రికాలోని ఆ దేశపు వలసలయందు జరుగుచున్న విమోచనోద్యమములకు తన పాట నంకితము చేసి, రహస్య పోలీసుల చేతికి చిక్కినాడు. గొంతు పోయిన గాయకుడొకడు, గాయకుల కొరకే జీవించిన వాద్యకారుడొకడు: పాడువారు లేని ఈ పాటలకు ఇంతకన్న తగిన జోడు దొరకదు.

ఆల్బమును వినునపుడు మన చెవికి మొదట తట్టునది పరిచయము. ‘స్వింగ్ లో’ స్వరములు ఐదే: సరిగపద. మోహనరాగ మనుకొనుటకు నోరూరును గాని, మోహనమునకు ప్రాణమైన సంచారములు ఇందు లేవు. స్వరములు కలిసినంతమాత్రమున రాగము కలియదు. ఆ సంతోషమును అంతటితో నిలుపుకొని జోన్స్ ఎడమచేతిని వినవలెను. మొదటి ఆవృత్తమున పాటను ఉన్నదున్నట్లు, ఒక్క మెరుగైనను దిద్దకుండ వాయించును. పిమ్మట పైస్వరము మారదు, దాని క్రింది లోకము మారును: కంఠము పాడవలసిన స్వరము కదలక నిలిచియుండగనే, లోపలి స్వరములలో ఒకటి అర్ధస్వరము దిగును, మరియొకటి ఎక్కును, అదే స్వరము ఇంతకుముందు ఓదార్పుగా వినబడినది ఇప్పుడు ప్రశ్నగా వినబడును. పియానో వాక్యము ముగిసి, గుంపు అందుకొనవలసిన చోట, హేడెన్ బాస్ మంద్రమున రెండు మూడు స్వరములు పలుకును. అతడు వేగమునకు పోడు, తారమునకు ఎగబ్రాకడు. ఆల్బము మొదటి పాటయైన ‘ఇట్స్ మీ, ఓ లార్డ్’ యందు ఆదివారపు చర్చిలోని ఊపు కలదు. ‘సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ ఎ మదర్‌లెస్ చైల్డ్’ యందు ఆ ఊపు మాయమై, స్వరమునకు స్వరమునకు నడుమ మౌనమే తాళమగును. వినువారిలో గాయకులెవరైన నున్నచో ఆ మౌనములలో తాము పాడగలరు. జోన్స్ ఆ చోటును నింపవలెనని ఆశపడలేదు.

ఇందు లోపములు లేవని చెప్పజాలను. ఫ్రెంచి జానపదగీతమును, ఐర్లండు బాణీయైన ‘డానీ బాయ్’ను చేర్చుటకు హేడెన్ బాల్యసంస్కారము కారణము కావచ్చును గాని, అవి సొగసుగానున్నవే తప్ప తక్కిన పాటల బరువు వానికి లేదు. ఇంతకన్న గట్టి ఆక్షేపణ మరియొకటి కలదు. ఈ వాదనము మరీ మర్యాదగానున్నదని, కొరడాదెబ్బ తిన్న జనము పాటలో ఉండవలసిన కేక ఇందు వినరాదని కొందరందురు. డగ్లస్ హెచ్చరికను గుర్తుంచుకొనుమన్నది ఇందుకే: తీయగా వాయించినచో ఆ జనము తీయగా బ్రదికిరని వినువాడు భ్రమపడు ప్రమాదమున్నది. ఈ ఆక్షేపణ చేయువారు 1977లో కోపెన్‌హేగన్‌లో ఆర్చీ షెప్ సాక్సఫోనుతోను, హొరేస్ పార్లన్ పియానోతోను చేసిన ‘గోయిన్ హోమ్’ను ఎదుట నిలుపుదురు. అది మహత్తరమైన ఆల్బము, సందేహము లేదు. షెప్ వాద్యము ఏడ్చును, బొంగురుపోవును, స్వరమునుండి తప్పి మరల వచ్చును. కంఠము చేయు పనులన్నియు చేయును. పార్లన్ బాల్యమున పోలియో వలన కుడిచేయి దెబ్బతిన్నవాడు, ఎడమచేతి బలముతోనే తన బాణీని నిర్మించుకొన్నవాడు. అతని పియానోలో ప్రతి స్వరమును కష్టార్జితమే. అయినను ఆ ఆల్బముతో దీనిని తూచుట నాకు న్యాయముగా తోచదు. అక్కడ పాడువాడున్నాడు, షెప్. ఇక్కడ పాడువాని స్థానము ఖాళీగానున్నది. లేని గాయకుని కేకను పక్కవాద్యగాడు తానే వేసినచో అది నటన యగును. ‘గో డౌన్, మోజెస్’ ఒక్కదానియందు మాత్రము ఆక్షేపకులతో నేను కొంత ఏకీభవింతును. మోషే ఫరో ముందు నిలిచినపుడు ఇంత వినయము పనికిరాదు.

చివరి భాగమున నాలుగు చర్చి స్తోత్రముల మాలిక కలదు. అందులో ‘అమేజింగ్ గ్రేస్’ రచయిత జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను నింపుకొని పోవు ఓడకు నాయకుడు. పిమ్మట పాదిరియై, 1779లో ఆ స్తోత్రమును ప్రకటించెను. ఆ ఓడల గర్భమున వచ్చినవారి మునిమనుమలు ఆ పాటను తమదిగా చేసికొనిరి. ఓడ నడిపినవాని పాటయు, ఓడలో వచ్చినవారి పాటలును ఒకే పియానోమీద, ఒకే మార్దవముతో వినబడినప్పుడు నాకు తృప్తియు కలిగినది, కొంత చిరాకును కలిగినది, రెండును దాచుకొననక్కరలేదు. అదే మాలికలోని ‘అబైడ్ విత్ మీ’ మనకు క్రొత్తది కాదు, గాంధీగారికి ప్రియమైన స్తోత్రమని ఢిల్లీ విజయచౌకులో గణతంత్రోత్సవముల ముగింపున సైనిక వాద్యబృందములు ఏండ్ల తరబడి వాయించినదే. ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ సంగతి వేరుగా చెప్పనేల? 1945లో చార్ల్‌స్టన్ పొగాకు ఫ్యాక్టరీ స్త్రీలు సమ్మెలో పాడి, హైలాండర్ పాఠశాల ద్వారా పౌరహక్కుల యోధులకు అందించిన ఆ పాట, గిరిజాకుమార్ మాథుర్ హిందీ రూపమున మన ఆంధ్ర, తెలంగాణ బడిపిల్లల నోళ్లలో గూడ నానినది. జోన్స్ దానిని ఊరేగింపు పాటగా వాయింపలేదు. నడకను తగ్గించి, మరల స్తోత్రముగా మార్చినాడు. అది పుట్టింటికి చేరినట్లయినది.

ఆ యిద్దరును మరల 2010 ఫిబ్రవరిలో కలిసి రెండవ ఆల్బము ముద్రించిరి. మే నెల 16వ తేదీన జోన్స్ తొంబదియొక్కేండ్ల వయస్సున కన్నుమూసెను. ఆ ఆల్బము ‘కమ్ సండే’ అను పేర 2012లో వెలువడగా, హేడెన్ 2014 జూలైలో గతించెను. రెండవదానిలో వ్రేళ్లు కొంచెము మందగించినవి, నిశ్చింత పెరిగినది. అయినను నాకు మొదటిదే మేలుగా తోచును, పాటల యెన్నిక అందులో బలముగానున్నది గనుక.

సభలోని విద్యార్థులకు, అందును పక్కవాద్యములు నేర్చుచున్నవారికి నా మనవి యొక్కటి. ముందుగా 1909 నాటి ఫిస్క్ చతుష్టయము పాడిన ‘స్వింగ్ లో’ వినుడు. గరగరలతో నిండిన పాత రికార్డైనను అది నేడు సులభముగా లభించుచున్నది. పాట నోటికి వచ్చువరకు విని, ఆ మీదట జోన్స్ వాయించిన ‘స్వింగ్ లో’ పెట్టుకొని, దానితోబాటు మీరే పాడి చూడుడు. ఎక్కడెక్కడ ఆయన మీకు దారి విడిచినాడో అప్పుడు తెలియును.